బోణీకి పనికిరాని మనిషి

తోవాన్ బాబాయ్ పొద్దున్నే ఏ కొట్టులో బోణీ చేస్తే ఆ కొట్టు ఆ రోజుకి మునిగినట్టేనని మా సందులో చెప్పుకుంటారు. అక్కడితో ఆగరు. మూడేళ్ల కిందట మూల మీద జిగురన్నం అమ్ముకునే స్వియెన్ మామ్మ దగ్గర మొదటి పొట్లం ఆయనే కొన్నాడని, ఆయన ఇచ్చిన నోటు తట్టలో పడ్డ అరగంటకే ముసలావిడ తట్ట మీదికి ఒరిగిపోయిందని, మళ్లీ నోరు పెగల్లేదని అంటారు. కొందరు అరగంట అంటారు. కొందరు ఆయన వీపు తిప్పేలోపే అంటారు. పట్టు కండువాల కొట్టు క్వే అక్క అయితే "నోటందుకున్న చెయ్యే ముందు పడిపోయింది, కుడి చెయ్యి," అని తన కుడి చేతిని జారవేసి చూపిస్తుంది. నిజానికి ఆమె చూసింది ఒక్కటే. ఆ పొద్దున తన కొట్టు తలుపు పైకి ఎత్తేసరికి, తట్ట దగ్గర నిలబడి ఉన్నది తోవాన్.

నేను ఆ మూలకి ఎదురుగా పీతల చారు బండి దగ్గర గిన్నెలు కడుగుతాను. బండి మా పిన్ని లువాది. నాన్న పోయిన ఏడు, నేను ఎనిమిదో తరగతి సగంలో ఉండగా, అమ్మ నా స్కూలు సంచీలోంచి పుస్తకాలు తీసి బట్టలు కుక్కి హనోయ్ బస్సెక్కించింది. అప్పటినుంచీ ఇక్కడే. గిన్నెలు కడిగేవాళ్లు నేల మీద కూర్చుంటారు కాబట్టి మనుషుల కాళ్లే ముందు కనిపిస్తాయి. ఎవరు కొంటారో, ఎవరు ధర అడిగి పోతారో నాకు చెప్పుల నడకను బట్టి తెలిసిపోతుంది. మాట్లాడటమే రాదు. "దీని నోరు కరెంటు బిల్లులాగా నెలకోసారి వస్తుంది," అంటుంది పిన్ని, వచ్చిన ప్రతివాళ్లతోనూ.

మా సందులో బోణీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. చెయ్యి తేలికైనవాళ్లు మొదట కొంటే ఆ రోజంతా బేరాలు నీళ్లలా పారతాయి. చెయ్యి బరువైనవాళ్లు కొంటే, లేదా ఎవరైనా ధర అడిగి కొనకుండా పోతే, రోజంతా ఈగలు తోలుకోవడమే. అందుకే పోస్టాఫీసు గుమాస్తాని పిలిచి మరీ మొదటి గిన్నె ఇస్తుంది పిన్ని. ఆయన చేతికి అంత పేరు. ఎవరైనా బరువు మనిషి వచ్చిపోతే కాయితం ముక్క ముట్టించి సరుకు మీద తిప్పుతారు. మగవాడైతే ఏడుసార్లు, ఆడదైతే తొమ్మిదిసార్లు. తర్వాత గుమ్మంలో పడేసి తొక్కుతారు.

టూరిస్టులకి ఇదేమీ తెలియదు. ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగాటి జంట క్వే అక్క కొట్టులో ఉన్న కండువాలన్నీ విప్పించి, బుగ్గలకి ఆనించుకుని, ధరలడిగి, నవ్వి వెళ్లిపోయారు. క్వే అక్క కాయితం ముట్టించి వాళ్ల వీపుల వైపు తిప్పుతూ తిట్టడం మొదలుపెట్టింది. పొగ వాసనకి ఆ పొడుగావిడ వెనక్కి తిరిగింది. చూసి ముచ్చటపడిపోయింది. పరుగున వచ్చి చేతులు జోడించి, తల వంచి, ఆ పొగ తన మొహం మీదికి రెండు చేతులతో తోసుకుంది. మొగుడు ఫొటోలు తీశాడు.

"దీవెన అనుకుంటోందే ఈ తాటిచెట్టు," అంది క్వే అక్క, ఫొటోకి నవ్వుతూనే.

ఎదుటి వరసలో రిక్షా మీద కూర్చున్న తోవాన్ బాబాయ్ పకపకా నవ్వాడు.

"నువ్వు నవ్వకయ్యా. దీనికి తొమ్మిదిసార్లు తిప్పితే చాలు. నీకైతే కాయితాల కట్ట తగలెయ్యాలి."

ఆయన నవ్వు ఆగిపోయింది. తువ్వాలు తీసి, శుభ్రంగానే ఉన్న రిక్షా చేతిపిడిని తుడవడం మొదలుపెట్టాడు.

తోవాన్ బాబాయ్‌ది సముద్రం వైపు ఊరు. ఉన్న కాస్త పొలం ఫ్యాక్టరీల కింద పోయింది. భార్య అక్కడే ఉండి తుంగచాపలు నేస్తుంది. ఆమెకి ఒక కంటి చూపు లేదు. ఈయన పాతికేళ్ల వయసులో హనోయ్ వచ్చి రిక్షా తొక్కడం మొదలుపెట్టాడు. అప్పట్లో బొగ్గు మోసేవాడు, పందుల్ని మోసేవాడు, పెళ్లి బీరువాలు మోసేవాడు. మా రిక్షాల్లో బరువు ముందుంటుంది, తొక్కేవాడు వెనకుంటాడు. బీరువా వేసుకుని తొక్కినప్పుడల్లా దాని అద్దంలో తన మొహమే చెమటలు కక్కుతూ కనబడేదట. "నన్ను నేను ఊరంతా తిప్పినట్టుండేది," అనేవాడు. తర్వాత బీరువాలకి లారీలు వచ్చాయి, రిక్షాలకి టూరిస్టులు వచ్చారు.

స్వియెన్ మామ్మ పడిపోయిన దగ్గర్నుంచి ఆయన మా బండి దగ్గరికి మధ్యాహ్నం రెండు దాటాకే వచ్చేవాడు. అప్పటికి బోణీ మాట ఉండదు, కుండ అడుగంటుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పొద్దుటి నుంచీ ఏం తిన్నాడో నేను అడగలేదు. చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద మోకాళ్లు చెవులదాకా ముడుచుకుని కూర్చుని, చారు చల్లారేదాకా కబుర్లు చెప్పేవాడు. పిన్ని ఆ వేళకి కునుకు తీసేది కాబట్టి వినేదాన్ని నేనే.

"టూరిస్టుల మొహాలు నాకు తెలీవు పిల్లా. వెనక కూర్చుంటాను కదా, నడినెత్తులే తెలుసు. పలచబడిందో, రంగేశారో, సుడి ఎటు తిరిగిందో. భయపడే మనిషి నడినెత్తి బిగుసుకుంటుంది, నీకు తెలుసా? సరస్సు దగ్గర కూడలిలో, మోటారు సైకిళ్లన్నీ మీదికొస్తుంటే, ఎంతటివాడిదైనా చర్మం ముడుచుకుంటుంది. గెడ్డాలు మీసాలు ఉన్నవాడు కూడా వాళ్లమ్మని తలుచుకుంటాడు."

నేను నవ్వు ఆపుకుంటే, "నవ్వు, డబ్బులేం అడగను," అనేవాడు.

ఒక ముసలాయన గురించి చాలాసార్లు చెప్పాడు. ఆయనా పరాయి దేశంవాడే. నలభై ఏళ్ల కిందట ఈ ఊళ్లో పని చేశాడట. పాత కాయితం మీద ఒక వీధి గుర్తు చూపించి తీసుకెళ్లమన్నాడు. తీసుకెళితే అక్కడ కార్లు నిలిపే ఖాళీ జాగా ఉంది. ముసలాయన రిక్షా దిగలేదు, తిరిగి పొమ్మనలేదు. జాగా కాపలావాడు రెండుసార్లు వచ్చి తిట్టిపోయాడు. "గంటన్నర. ఆ నడినెత్తి అసలు కదల్లేదు. నేనూ దిగలేదు. ఇద్దరం అలా కార్ల మధ్య కూర్చున్నాం. ఎందుకు కూర్చున్నామో ఆయనకి తెలుసు, నాకు తెలీదు. నాకు తెలీకపోయినా పర్లేదనిపించింది," అన్నాడు.

మిగతా రిక్షావాళ్లు టూరిస్టుల్ని ముందు కొట్ల దగ్గర ఆపుతారు. ఈయన ఆపడు. ఆపితే కొట్లవాళ్లు బయటికొచ్చి చేతులూపుతారు, ఇంకా బోణీ కాలేదని. అందుకని నది మీది పాత ఇనుప వంతెన కిందికి, రైలు పట్టాల పక్కకి, పళ్ల లారీలు దించే చోటికి తీసుకుపోయేవాడు. టూరిస్టులకి అదే నచ్చేది. ఊరు నిజంగా చూపించాడని మెచ్చుకునేవాళ్లు. నిజానికి ఈయన ఇంకెక్కడికీ పోలేక అక్కడికి పోయేవాడు.

ఆ మెచ్చుకున్నవాళ్లలో ఒకావిడ వల్లే ఇబ్బంది మొదలైంది. బెల్జియం నుంచి వచ్చింది, తెల్లజుట్టు, గట్టి మనిషి, మగవాళ్ల చెప్పులు. మూడు రోజులు వరసగా తోవాన్ బాబాయ్ రిక్షానే కావాలంది. నాలుగో రోజు పొద్దున ఆరున్నరకే వచ్చి, ఆయన్ని జబ్బ పట్టుకుని లాక్కుంటూ మా బండి దగ్గరికి తీసుకొచ్చింది. తనతో కలిసి టిఫిను తినాలట. ఆయన కాళ్లు రానంటున్నాయి. మడమలు నేలకి తన్నిపెట్టి, బడికి పోనని మొరాయించే పిల్లాడిలా వస్తున్నాడు.

పిన్ని మొహం చూశాను. గుమాస్తా ఇంకా రాలేదు.

"అయిపోయింది," అంది పిన్ని, టూరిస్టుకి వినబడేలా చేతులు అడ్డంగా ఊపుతూ.

ఆవిడ వంగి కుండలోకి చూసింది. కుండ నిండా ఉంది, ఎర్రటి నూనె తేలుతోంది. ఆవిడ కుండని చూపించింది. పిన్ని మళ్లీ చేతులూపింది.

"లువా, ఆవిడకైనా పెట్టు. నేను అవతలికి పోతాను," అన్నాడు తోవాన్ బాబాయ్.

"నీతో వచ్చింది కదయ్యా! ఆ పట్టుకున్న చెయ్యి ఎవరిది? నువ్వు పో, ఆవిణ్ణీ తీసుకుపో. పొద్దున్నే నా పొట్ట కొట్టకు."

"ఏదో ఒకరోజు నా బోణీ పట్టి చూడు లువా. మునిగితే నన్ను తన్ను."

"నీ బోణీతో కుండ ఖాళీ అయిన రోజున చూద్దాంలే," అంది పిన్ని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ తెల్లజుట్టావిడ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. తనని చూసే పెట్టలేదనుకుంది. ఈ ఊరివాళ్లు పరాయివాళ్లకి తిండి అమ్మరని, తనని తీసుకొచ్చినందుకు ఆ పేద రిక్షావాణ్ణి కూడా నలుగురిలో అవమానించారని ఫోనులో పెద్దగా రాసి లోకానికి చెప్పింది. వారం తిరక్కుండానే టూరిస్టుల్ని పంపే కంపెనీవాళ్లు ఖాంగ్‌ని పిలిపించి అది చదివి వినిపించారు. మా సందులో నిలబడే పద్నాలుగు రిక్షాలకీ ఖాంగ్ పెద్ద.

ఖాంగ్ మంచివాడే. కానీ అతనికీ తన రిక్షాల వరస నడవాలి.

"తోవాన్ అన్నా, నువ్వు పొద్దున పూట రాకు. పదకొండు దాటాక రా," అన్నాడు, మా బండి దగ్గరే నిలబడి.

"పదకొండు దాటాక ఎండకి ఎవడెక్కుతాడురా?"

"ఎక్కినవాడే ఎక్కుతాడు. నేనేం చెయ్యను చెప్పు? కొట్లవాళ్లు నిన్ను చూసి తలుపులు దించేస్తుంటే టూరిస్టులు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటార్రా? నా మొహం వాళ్లకెక్కడ కనబడుతుంది, వెనక ఉంటాను కదా."

ఖాంగ్ నవ్వలేదు. సిగరెట్టొకటి తీసి ఇచ్చాడు. 

మా కొత్త సంవత్సరం, టేట్ పండగ ముందు వార్డు ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. సందు ఇరుకని, ఇక మీదట ఎనిమిది రిక్షాలే నిలబడాలని, వాటికి కొత్త నంబరు పలకలిస్తామని రాసుంది. పలక కావాలంటే ఒక్కొక్క రిక్షావాడు ఏదో ఒక కొట్టు యజమాని సంతకం తేవాలి, మా కొట్టు ముందు ఇతను నిలబడితే మాకు అభ్యంతరం లేదని. ఒక్క సంతకం చాలు. పండగ వెళ్లిన పదో రోజు మధ్యాహ్నం దాకా గడువు.

తోవాన్ బాబాయ్ కాయితం మడిచి ప్లాస్టిక్ సంచీలో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. సందులో ఇరవై రెండు కొట్లున్నాయి. అన్నింటికీ మధ్యాహ్నాలు తిరిగాడు, ఎవరికీ బోణీ భయం లేని వేళ చూసి. టీ కొట్టాయన తన కొడుకునడగాలన్నాడు. డప్పులు చేసే ముసలాయన, "నాకు కళ్లు కనబడవు నాయనా, సంతకం ఎక్కడ పెట్టనూ," అన్నాడు. ఆయన ఆ ముందురోజే ఖాంగ్ కాయితం మీద సంతకం పెట్టడం నేను చూశాను. క్వే అక్క కాయితం చదివి, రెండో వైపు తిప్పి చూసి, "నువ్వు నా గుమ్మం ముందు నిలబడతానని నేనే సంతకం పెట్టాలా? నాకేం పిచ్చా?" అని తిరిగిచ్చేసింది. పిన్నిని ఆయన నోటితో అడగలేదు. ఒకసారి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. పిన్ని వెంటనే కుండ గరిటె కడగడానికి వెళ్లిపోయింది.

తొమ్మిదో రోజున పిన్ని వాళ్ల అత్తగారి సంవత్సరీకానికి ఊరెళ్లింది. సాయంత్రం బస్సుకి తిరిగొస్తానని, బండి నన్ను నడపమని చెప్పింది. "గుమాస్తా బోణీ తర్వాతే ఎవరికైనా. కుండ మిగిల్చావో, నువ్వూ మీ ఊరు బస్సెక్కుదువు గాని," అంది. సగం వేళాకోళంగా. ఏ సగం వేళాకోళమో, ఏ సగం నిజమో పిన్ని దగ్గర ఎప్పుడూ తెలియదు.

ఆ పొద్దున సన్నటి తుంపర పడుతోంది. ఆరుంబావుకి చారు మరుగుకొచ్చింది. నేను చారులో వేసుకునే వాసన ఆకులు తుంచుతుంటే ముందు రిక్షా చక్రం కనబడింది. తర్వాత రెండు జతల తడి బూట్లు, ఆ వెనక తోవాన్ బాబాయ్ రబ్బరు చెప్పులు. ఇద్దరు కుర్ర టూరిస్టులు, నీలం ప్లాస్టిక్ కోట్లు వేసుకున్నారు, చలికి చేతులు రుద్దుకుంటున్నారు. రైలు స్టేషన్ దగ్గర దొరికారట.

"పిల్లా, మూడు గిన్నెలు," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

ఆయన గొంతు తగ్గించాడు. "గుమాస్తా ఇంకా రాలేదు, తెలుసు. అందుకే ఇప్పుడొచ్చాను. రేపు మధ్యాహ్నంతో ఆఖరు. నా బోణీతో కుండ ఖాళీ అయిన రోజున చూద్దామంది మీ పిన్ని. అందరి ముందూ అంది, నువ్వూ విన్నావు. ఇవాళ నా బోణీ పట్టు. ఖాళీ అయితే సాయంత్రం వచ్చాక దానికి చెప్పు. అది మాట తప్పే మనిషి కాదు. ఒక్క సంతకం పిల్లా. అది లేకపోతే నేను ఊరెళ్లి చాపలు మొయ్యడమే, అవి కొనేవాళ్లు కూడా లేరు."

మూత కింద చారు మరుగుతోంది. ఆవిరికి మూత లేస్తూ పడుతూ ఉంది. చలికాలం చారు బాగానే పోతుంది, ఎవరు బోణీ చేసినా పోతుంది. అది నాకు తెలుసు. కానీ పోకపోతే? పిన్ని నన్ను పంపేస్తుంది, అదొకటి. ఇంకొకటి కూడా ఉంది. ఈయన బోణీ మంచిదని తేలితే, మరి స్వియెన్ మామ్మ సంగతేమిటని సందంతా మళ్లీ మొదలుపెడుతుంది. ఎవరెవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు ముందు, ఎవరు వెనక అని. ఆ లెక్క మళ్లీ తియ్యడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఇంకా కాగలేదు బాబాయ్," అన్నాను.

ఆయన మూత వంక చూశాడు. అది టకటకా కొట్టుకుంటోంది. కుర్ర టూరిస్టుల్లో ఒకడు వాసన పీల్చి, ఏదో అని, పొట్ట నిమురుకుని నవ్వాడు.

"కాగలేదా?" అన్నాడు బాబాయ్.

నేను తల వంచుకుని ఆకులు తుంచాను.

"సరేలే. కాగనీ."

వాళ్లిద్దరికీ చెయ్యి ఊపి చూపించాడు, ఇక్కడ లేదు, ఇంకోచోట ఉంది అని. వాళ్లు పాపం మళ్లీ రిక్షా ఎక్కారు. తడి రోడ్డు మీద చక్రాలు చప్పుడు లేకుండా పోయాయి. నా చేతిలో ఆకులన్నీ ముద్దయిపోయాయి. తర్వాత గుమాస్తా వచ్చాడు. ఆయన బోణీ పట్టాను. పది ముప్పావుకి కుండ ఖాళీ అయింది. సాయంత్రం పిన్ని వచ్చి కుండ చూసి, "చూశావా, చెయ్యంటే గుమాస్తాది," అంది. నేను కుండ తోమడానికి కూర్చున్నాను. నేను మాట్లాడకపోవడం ఎవరికీ వింత కాదు.

పదో రోజు మధ్యాహ్నం ఎనిమిది పలకలు ఎనిమిది రిక్షాలకి బిగించారు. తోవాన్ బాబాయ్ మిగతా ఐదుగురితో పాటు సందు చివర నిలబడి చూశాడు. మిగతా ఐదుగురూ వేరే పేటలకి పోతామన్నారు, వాళ్లకి అక్కడ తెలిసినవాళ్లున్నారు.  తోవాన్ బాబాయ్ చెడ్డపేరు మాత్రం ఆ పేటలకి ఎప్పుడో చేరిపోయింది. బోణీ మాటలకి రిక్షా అక్కర్లేదు, వాటంతటవే పోతాయి.

తర్వాత వారం క్వే అక్క ఆ రిక్షా కొనుక్కుంది. కొట్టు ముందు పెట్టి, దానిలో పట్టు కండువాలు, కాయితపు పూలు పరిస్తే టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకుంటారని ఆమె ఆలోచన. తోవాన్ బాబాయ్ ఒక మధ్యాహ్నం దాన్ని తొక్కుకుంటూ తెచ్చి అప్పగించాడు. సీటు మీద కొత్త రెక్సిను వేయించి మరీ తెచ్చాడు.

"అంత బరువు మనిషి బండి నీ గుమ్మంలో పెట్టుకుంటావా?" అంది పిన్ని రోడ్డు ఇవతల నుంచి.

"బరువు మనిషికుంటుంది గానీ ఇనుముకెందుకుంటుంది?" అంది క్వే అక్క. అన్నది గానీ కాయితాలు తెచ్చి ముట్టించి రిక్షా కింద ఒకసారి, మీద ఒకసారి తిప్పింది. ఏడేసి సార్లు. ఆ తిప్పుతున్నంతసేపూ ఆయన చేతిపిడి పట్టుకునే ఉన్నాడు. అడ్డమని ఆమె చెబితే అప్పుడు వదిలాడు.

మా బండి దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండు దాటింది. పిన్ని లోపల నడుం వాల్చింది. నేను గిన్నె పెట్టాను, ఉన్న పీత ముద్దంతా వేసి. ఆయన తుంచిన ఆకులు వేసుకుని, మిరపకాయ నలుపుకుని, మెల్లగా తిన్నాడు. చారు ఇవాళ బాగుందన్నాడు. నాలుగింటి బస్సుకి ఊరెళుతున్నానన్నాడు. లేచి, జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, అందులోని కాయితం బయటికి తీసి చూసి, మా పొయ్యిలో వేశాడు. అప్పుడన్నాడు, కోపం లేకుండా, వాన గురించి చెప్పినట్టు:

"నువ్వు చెబుతావేమోనని ఒక ఏడాది చూశాను పిల్లా. తర్వాత చూడ్డం మానేశాను."

 ఆయన ఒక క్షణం ఆగాడు. నేను గిన్నె అందుకుని బకెట్లో ముంచాను. తల ఎత్తేసరికి ఆయన సందు మలుపు దగ్గర ఉన్నాడు. రిక్షా లేకుండా ఆయన అంత దూరం నడవడం నేనెప్పుడూ చూడలేదు. కాళ్లు కాస్త ఎడంగా, పెడల్స్ ఇంకా ఉన్నట్టే.

ఇప్పుడు ఆ రిక్షా దగ్గర రోజూ టూరిస్టులు ఆగుతారు. వాళ్లని తీసుకొచ్చే గైడ్లు కూడా కథ నేర్చుకున్నారు. ఇదొక శాపగ్రస్తుడి బండి అని, వాడు పొద్దున్నే మొదట కొన్నందుకు ఒక అవ్వ అక్కడికక్కడే కూలిపోయిందని చెప్పి, మూల మీద ఆ చోటు వేలుపెట్టి చూపిస్తారు. టూరిస్టులు అయ్యో అని, నవ్వి, అక్కడ కూడా ఒక ఫొటో తీసుకుంటారు.

ఆ పొద్దున స్వియెన్ మామ్మ దగ్గర మొదట కొన్నది నేను. వేరుశనగలు వేసిన జిగురన్నం, ఒక పొట్లం. ఆవిడ వేళ్లు ముడి వెయ్యలేకపోతుంటే అరటాకు నేనే కట్టుకున్నాను. తోవాన్ బాబాయ్ నా తర్వాత, నేను పొట్లం పట్టుకుని లేస్తుండగా వచ్చాడు.